కృష్ణ ఒడ్డున చేపల బస: ఏ కాలంలో ఎలా ఉంటుంది

గాలం వేయడానికి వెళ్లి దిగే చేపల బస గురించి అడిగేవాళ్లంతా గదిలో ఏసీ ఉందా, భోజనం బాగుంటుందా అనే అడుగుతారు. రేవు ఎలా ఉందని అడిగేవాళ్లు తక్కువ. గాలం వేయడానికి వెళ్లేవాళ్లకు మాత్రం మొదట తెలియాల్సింది అదే. గది ఎంత బాగున్నా రేవు ఒరిగిపోయి ఉంటే రోజంతా చిరాకే.

నేను రాస్తున్నది ప్రకాశం బ్యారేజీకి ఎగువన, గుంటూరు వైపు ఒడ్డున, కరకట్టకూ నదికీ మధ్య ఉన్న ఒక బస గురించి. నాలుగు గదులు, తాటాకు కప్పిన వంటపాక, తేలే రేవు, రెండు నాటుపడవలు ఉన్నాయి. అన్ని కాలాల్లోనూ అక్కడ ఉండి చూశాక రాస్తున్నాను. పేరు రాయడం లేదు. ఈ ఒడ్డున ఏ బసకు వెళ్లినా పనికొచ్చే సంగతులే ఇందులో ఎక్కువ.

ముందు రేవు. బ్యారేజీ వెనక నీటిమట్టం నిండుగా ఉంటే 12 అడుగులు, నిల్వ 3.07 టీఎంసీలు. ఎగువ నుంచి రాక తగ్గి కాలువలకు నీళ్లు పోతూ ఉంటే మట్టం దిగుతుంది. అందుకని కట్టుడు మెట్ల రేవు కంటే తేలే రేవే నయం, నీటితో పాటు దిగి నీటితో పాటు లేస్తుంది. ఇక్కడి రేవుకు 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు 12, వాటి మీద సరుగుడు వాసాలు, పైన చెక్కలు. ఒక్కో డ్రమ్ము పూర్తిగా మునిగితే తన బరువు పోను సుమారు 190 కిలోలు మోస్తుంది. కానీ సగం కంటే ఎక్కువ మునగనివ్వకూడదు, మునిగితే మనిషి అంచుకు వెళ్లగానే రేవు ఒరుగుతుంది. వాసాలు, చెక్కల బరువు తీసేస్తే ఎనిమిది మంది వరకు ధైర్యంగా నిలబడొచ్చు. ఆదివారం పదిహేను మందిని ఎక్కించడం ఇక్కడ చూస్తూనే ఉంటాం. అది తప్పు, మీరున్నప్పుడు జరిగితే గట్టిగా చెప్పండి.

ఈ రేవులు చెడిపోయే తీరు కూడా దాదాపు ఒకటే. డ్రమ్ము బిరడా కింది వైపుకు వచ్చేలా కట్టేస్తారు, రబ్బరు వాషరు ఎండకు బిగుసుకుపోయి చుక్కచుక్కగా నీరెక్కుతుంది, నెల తిరిగేసరికి ఒక మూల కుంగుతుంది. బిరడాలు పైవైపుకు ఉండాలి, ఏటా వాషర్లు మార్చి టెఫ్లాన్ టేపు చుట్టాలి. రెండో జబ్బు కడ్డీలది. రేవు పక్కకు కొట్టుకుపోకుండా నాలుగు మూలలా రెండంగుళాల జీఐ పైపులు పాతి, వాటికి ఇనుప రింగులు తొడుగుతారు. గుర్రపుడెక్క వేళ్లు రింగులో చుట్టుకుని, దాని మీద తుప్పు పడితే రింగు కదలదు. మట్టం తగ్గినప్పుడు ఆ మూల గాల్లో వేలాడుతుంది. వెళ్లగానే రేవు మీద నడిచి నాలుగు మూలలూ తొక్కి చూడండి. ఏదైనా మూల గట్టిగా కొట్టినట్టు అనిపిస్తే అక్కడ కూర్చోకండి.

కాలాల మాటకొస్తే, నవంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి దాకా ఈ బసకు వంక పెట్టలేం. వరద పోయి నీరు తేటబడుతుంది. తెల్లవారుజామున పొగమంచుకు అవతలి ఒడ్డు కనపడదు. కొత్తవాళ్లు ఐదింటికే లేచి చలిలో వణుకుతూ గాలం వేస్తారు కానీ అప్పుడు లాభం ఉండదు. నీరు చల్లబడితే బొచ్చె, శీలావతిలకు ఆకలి మందగిస్తుంది. ఎండ తగిలి పైనీరు వేడెక్కాక, ఎనిమిది నుంచి పదకొండు మధ్య, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి పొద్దు వాలేదాకా తింటాయి. కాబట్టి చలికాలంలో టిఫిన్ తిన్నాకే రేవుకు వెళ్లొచ్చు.

లోతు విషయంలో చాలామంది ఒకే పొరపాటు చేస్తారు, ఏ చేపకైనా దారానికి తేలే బెండు ఒకేచోట కడతారు. బొచ్చె పైనీటిలో మేస్తుంది, దాని మూతి పైకి తిరిగి ఉండేది అందుకే. శీలావతి నడిమి నీటిలో తిరుగుతుంది. ఎర్రమోసు అడుగున ఒండ్రులో ఏరుకుంటుంది. ఎనిమిదడుగుల నీరుంటే బొచ్చెకు బెండు కింద రెండు రెండున్నర అడుగులు, శీలావతికి నాలుగైదు, ఎర్రమోసుకు గాలం నేలను తాకేలా వదలాలి. దారం 0.30 నుంచి 0.35 మిల్లీమీటర్లు చాలు. మందపు దారం కడితే తేటనీటిలో చేప చూసి తప్పుకుంటుంది.

ఎరకు వంటపాకలో ఇచ్చే మైదా ముద్ద వద్దు, నీళ్లలో పడగానే జిగురై గాలం మొనను మూసేస్తుంది. తవుడు రెండు పాళ్లు, వేయించి దంచిన వేరుశనగ చెక్క ఒక పాలు, గోధుమపిండి అర పాలు, చిటికెడు ఇంగువ. నీళ్లు పోయకూడదు, చల్లుతూ కలపాలి. ముద్ద చేసి గ్లాసు నీళ్లలో వేసి చూడండి. పది పదిహేను నిమిషాల్లో మెల్లగా విడిపోవాలి. రెండు నిమిషాలకే విడిపోతే విసిరేటప్పుడే ఊడిపోతుంది, అరగంటైనా విడకపోతే చేప నోట్లోకి పీల్చుకోలేక వదిలేస్తుంది. చెక్క పాతదై ముక్కవాసన వస్తుంటే వాడొద్దు. గుంటూరులో గానుగ దగ్గర తాజా చెక్క దొరుకుతుంది, దారిలో కొనుక్కుని వెళ్లడం మంచిది.

చలికాలంలో ఒక్క ఇబ్బంది కార్తీక మాసం. ఆదివారాలు, సోమవారాలు స్నానాలకూ వనభోజనాలకూ వచ్చే జనంతో ఒడ్డంతా సందడి. వంటపాకలో ఆ నెల చేప వండరు. పట్టినది పొయ్యి మీద పెట్టడానికి వీల్లేదని ముందే చెబుతారు, అది వాళ్ల ఇష్టం, మర్యాదగా ఒప్పుకోవాలి. ప్రశాంతత కావాలంటే ఆ నెలలో మంగళవారం నుంచి శుక్రవారం లోపు వెళ్లండి.

పడవ ఎక్కితే లైఫ్‌జాకెట్ వేసుకోవాల్సిందే. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం రోజునే, అవతలి ఒడ్డున ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. ఈ బసలో జాకెట్లు ఉన్నాయి, కానీ మూడో వంతుకు బకిల్స్ విరిగి ఉన్నాయి. తాడుతో కట్టుకోమని ఇస్తారు. తాడుతో కట్టిన జాకెట్ నీళ్లలో పడగానే మెడ మీదుగా పైకి లేచిపోతుంది. బకిల్ పడని జాకెట్ తీసుకోవద్దు. నడుము దగ్గరే కాదు, తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా బిగించాలి.

మార్చి సగం దాటితే బస స్వరూపం మారిపోతుంది. గదుల పైకప్పు సిమెంటు రేకులు, కింద పలచని ఫాల్స్ సీలింగ్. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ ఎండ 42, 43 దాటిన రోజుల్లో పగలు రెండు నుంచి ఐదు దాకా ఏసీ ఉన్నా గది చల్లబడదు. ఆ వేళకే వోల్టేజీ పడిపోయి కంప్రెసర్ ఆగిపోతుంటుంది. స్టెబిలైజర్ పెట్టించమని చెప్పినా ఇంకా పెట్టలేదు. డిసెంబరులో తీసుకునే అద్దే మేలోనూ తీసుకుంటారు, నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే. వేసవిలో తప్పక వెళ్లాలనుకుంటే గది కాకుండా వంటపాక పక్కనున్న తాటాకు పందిరి అడగండి. రెండు నవారు మంచాలు, ఒక టేబుల్ ఫ్యాను ఉంటే చాలు, మధ్యాహ్నం అక్కడే నయం.

వేసవిలో చేప ఉన్న చోటు కూడా మారుతుంది. నాచు పట్టి కదలని మడుగుల్లో తెల్లవారేసరికి నీళ్లలో ప్రాణవాయువు బాగా తగ్గుతుంది. రాత్రంతా నాచు కూడా దాన్ని పీల్చేస్తుంది కాబట్టి. అప్పుడు చేపలు పైకి తేలి నోరు తెరుస్తూ కనిపిస్తాయి. అవి ఎర కోసం రాలేదు, ఊపిరాడక వచ్చాయి. అక్కడ గాలం వేసి లాభం లేదు. గాలి తగిలే చోటుకో, నీరు కాస్త కదిలే పాయ దగ్గరకో వెళ్లాలి. మడుగుల అంచున, తూడు పొదల్లో దొరికేది కొర్రమీను. అది గాలి పీల్చగలదు, ఆ నీరు దానికి లెక్కలేదు. దానికి చిన్న కప్ప బొమ్మ ఎర నీటిపై మెల్లగా లాగితే చాలు. కొట్టిన వెంటనే లాగేయకండి, మూడు లెక్కపెట్టి లాగండి, ఈలోగా లోపలికి మింగుతుంది. పిల్లల గుంపును కాపలా కాస్తున్న కొర్రమీనును మాత్రం వదిలేయాలి. నీటిపై ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా బుడగల్లా కదులుతుంటే కింద తల్లో తండ్రో ఉంటుంది. దాన్ని పట్టేస్తే మిగతా చేపలు ఆ గుంపును సాయంత్రానికల్లా తినేస్తాయి.

వేసవిలోనే ఇంకో ప్రమాదం ఇసుక గోతులు. మోకాలి లోతని నడుచుకుంటూ వెళితే ఇసుక తవ్విన గోయి అడుగేసిన చోటే ఉంటుంది, అంచు జారిపోతుంది. నీటిలో దిగి గాలం వేసే అలవాటున్నవాళ్లు ముందు వెదురు కర్ర గుచ్చి చూసి అడుగేయాలి. పిల్లల్ని అసలు దించొద్దు.

జూలైకి నీటి రంగు మారుతుంది. గోదావరి పెరగ్గానే పట్టిసీమ ఎత్తిపోతల నీరు పోలవరం కుడి కాలువ మీదుగా ఫెర్రీ దగ్గర కృష్ణలో కలుస్తుంది. అవతలి ఒడ్డు వెంట ఎర్రటి చార, ఇటువైపు పచ్చటి నీరు, రెండూ కలవకుండా కొంత దూరం పోతాయి. ఆ చార అంచున జెల్ల, వాలుగ బాగా తిరుగుతాయి. బురదనీటిలో అవి కళ్లతో కాదు, మీసాలతో వెతుక్కుంటాయి. పిండి ముద్ద పనికిరాదు, ఎర్రలు (వానపాములు) గుచ్చాలి. ఒక గాలానికి రెండు మూడు, తోక కదిలేలా వదిలి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే చెయ్యి రెండు రోజులు వాస్తుంది. గుడ్డతో తల వెనక పట్టుకుని, కటింగ్ ప్లయర్‌తో గాలం తీయాలి. ఈ నెలల్లోనే చేప గుడ్లు పెడుతుంది. చేపల వేట నిషేధం తేదీలు మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే వెళ్లండి, కడుపు ఉబ్బిన చేప తగిలితే వదిలేయండి.

ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్లొద్దు. ఈ మాట నిర్వాహకులు చెప్పరు, ఫోన్ చేస్తే రమ్మనే అంటారు. కరకట్టకు లోపలున్న ఏ కట్టడమైనా వరదకు ఎదురుగా ఉన్నట్టే. శ్రీశైలం, సాగర్ నిండాయంటే ఎగువనున్న పులిచింతల ప్రాజెక్టు నుంచి వదిలే నీరు (ఔట్‌ఫ్లో) ఎంతో చూస్తూ ఉండాలి. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. మొదటి హెచ్చరికకు ముందే ఇక్కడి రేవు దగ్గర నీరు మెట్లు ఎక్కేస్తుంది. 2024 సెప్టెంబరులో 11 లక్షలు దాటి వచ్చిన వరదలో తాళ్లు తెంచుకున్న పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్లను (బరువు దిమ్మెలను) దెబ్బతీశాయి. అందుకే వరద కబురు రాగానే రేవును విప్పి ట్రాక్టరుతో కరకట్ట పైకి లాగించాలి, నీళ్లలోనే లంగరేసి వదిలేయకూడదు. ఈ బసవాళ్లు ఇప్పుడు ఆ పని శ్రద్ధగా చేస్తున్నారు, ఆ మెచ్చుకోలు వాళ్లకు ఇవ్వాల్సిందే.

వరద తగ్గాక అక్టోబరులో తెరుస్తారు కానీ దసరా సెలవులకని తొందరపడకండి. గదుల్లో ఒండ్రు కడిగినా గోడల్లో చెమ్మ నెల రోజులు పోదు, పరుపులు వాసన వేస్తాయి. వరదకు కొట్టుకొచ్చిన పాములు చెత్తకుప్పల్లో ఉంటాయి, విషం లేని నీరుకట్టు పాములే ఎక్కువైనా రక్తపింజరలూ వస్తాయి. రాత్రి టార్చి, చీలమండలు మూసే బూట్లు లేకుండా రేవుకు నడవొద్దు.

వంట గురించి రెండు మాటలు. పులుసు మట్టి దాకలో, కట్టెల పొయ్యి మీద చేస్తారు, చాలా బాగుంటుంది. కిలో చేపకు పెద్ద నిమ్మకాయంత చింతపండు, గుంటూరు కారం మూడు చెంచాలు. పొద్దున వండించి రాత్రికి తినండి, అప్పటికి ముక్కకు పులుపు పడుతుంది. కొర్రమీనును బూడిద, ఉప్పు వేసి రుద్దితేనే జిగురు పోతుంది. వాళ్లు తొందరలో ఒకసారే రుద్దుతారు, రెండోసారి రుద్దమని అడగండి. శీలావతి తోక వైపు ముక్కల్లో సన్నని ముళ్లు ఎక్కువ, పిల్లలకు పొట్ట వైపు ముక్కలు వేయించండి.

ఇంటికి తెచ్చుకునే చేప సంగతి. ఇక్కడ ఐస్ దొరకదు, విజయవాడ నుంచో గుంటూరు నుంచో తెచ్చుకోవాలి. వేసవిలో కిలో చేపకు కిలో ఐస్, చలికాలంలో అర కిలో. బొచ్చె, శీలావతి పట్టిన వెంటనే మొప్పలు, పేగులు తీసి కడిగి ఐసులో పెట్టాలి, బక్కెట్టు నీళ్లలో ఉంచితే గంటకే చచ్చి మెత్తబడతాయి. పెట్టె అడుగున చిల్లు ఉండి కరిగిన నీరు ఎప్పటికప్పుడు కారిపోవాలి, ఆ నీళ్లలో నానితే కండ తెల్లబడి రుచి పోతుంది. కొర్రమీనుకు ఐస్ అక్కర్లేదు, కొద్దిగా నీళ్లున్న మూత టబ్బులో బతికే వస్తుంది. మూతకు చిల్లులు పెట్టి పైన ఇటుక పెట్టండి, లేకపోతే కారు డిక్కీలోకి ఎగురుతుంది.