మిర్బాత్ తెరచాప పడవ ట్రిప్: ఆఫీసు మాట నమ్మకండి, పడవ మాత్రం ఎక్కండి

మన బరంపురం, ఛత్రపురం వైపు నుంచి గల్ఫ్‌లో ఉన్నవాళ్లు బోలెడుమంది కాబట్టి ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. మా బావ ఒమాన్‌లో సలాలాలో పనిచేస్తారు. చలికాలంలో అక్కావాళ్లని చూడ్డానికి వెళ్లినప్పుడు అందరం కలిసి ఈ ట్రిప్‌కి వెళ్లాం. సలాలాకి తూర్పున 70 కిలోమీటర్ల దూరంలో మిర్బాత్ అని పాత రేవు ఊరుంది. అక్కడ పడవ ఎక్కించుకుని, తీరం వెంబడే హాసిక్ వైపు తీసుకెళ్తారు, రాత్రి పడక పడవలోనే. తిట్టాల్సినవి ఉన్నాయి కాబట్టి కంపెనీ పేరు రాయను.

ప్రకటనలో "తిమింగలం గ్యారంటీ" అని వేసుకున్నారు. శుద్ధ అబద్ధం. ఒమాన్ తీరంలో హంప్‌బ్యాక్ తిమింగలాలు వందకి లోపే ఉంటాయని అంచనా. మిగతా సముద్రాల్లో ఇవి మేతకి చల్లటి నీళ్లకీ, ఈనడానికి వెచ్చటి నీళ్లకీ వేల కిలోమీటర్లు వలసపోతాయి, ఇక్కడివి మాత్రం అలా వలసపోవు, ఎందుకంటే నైరుతి గాలులకి అడుగునున్న చల్లనీళ్లు పైకొచ్చి మేత ఇక్కడే దొరుకుతుంది. ఉన్నవాటిని కూడా బతకనివ్వలేదు, 1966లో సోవియట్ ఓడలు అరేబియా సముద్రంలో లెక్కల్లో చూపకుండా 238 హంప్‌బ్యాక్‌లని చంపాయి. అలాంటి చోట గ్యారంటీ ఏంటి?

దిగాక బిల్లులో ఇంజన్ డీజిల్‌కి వేరేగా వేశారు. రియాల్ అంటే మనకి రెండొందల రూపాయల పైనే. అక్క బావ వైపు తిరిగి "ఏమండీ, రేపు గాలికి కూడా బిల్లేస్తారా వీళ్లు?" అంది. ఇక తిండి. చేపలు పట్టే ఊళ్లో పడవెక్కించి డబ్బా ట్యూనా పెట్టారు, రెండో పూటా అదే. అక్క కట్టుకొచ్చిన పులిహోర లేకపోతే పస్తే.

ఇప్పుడు అసలు సంగతి. చిలికాలో డాల్ఫిన్ వీపు కనపడితే చాలు, ఇంజన్ బోట్లు దాని మీదికి ఎలా దూసుకుపోతాయో మనం చూసినవాళ్లమే. ఇక్కడ దూరంగా నీటి తుంపర లేవగానే కెప్టెన్ ఇంజన్ ఆపేశాడు, తెరచాప దించేశాడు, "మనం వాటి దగ్గరికి వెళ్లం, వస్తే అవే వస్తాయి" అన్నాడు. నీళ్లలోకి మైకు దించి స్పీకర్ పెట్టాడు. మగ తిమింగలం పాట! లోతుగా మూలుగులా మొదలై, సన్నటి కీచుగా మారి, మళ్లీ మొదటికొస్తుంది. కంటికి మాత్రం ఏమీ ఆనదు. చాలాసేపటికి వెనకవైపు ఫుస్సుమని గాలి, కుళ్లిన చేపల వాసన, ఆ తర్వాత తోక. తోక అడుగున నలుపు తెలుపు మచ్చలు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి, పరిశోధకులు వాటితోనే ఏది ఏదో గుర్తుపడతారు. కెప్టెన్ ఫోటో తీసి వాళ్లకి పంపుతానన్నాడు. బావ వీడియో తీయడం మర్చిపోయి అలాగే నిలబడిపోయారు.

తీరం కూడా డబ్బుకి తగ్గదే. మన గంజాం ఒడ్డున మొగలి పొదలో సరుగుడు తోటలో కనపడతాయి కదా, ఇక్కడ అవేవీ లేవు, జబల్ సమ్హాన్ కొండలు బోసిగా నిలబడి ఉంటాయి, సాంబ్రాణిలా పొగ వేసుకునే బంక ఇచ్చే లుబాన్ చెట్లు ఎక్కడో వాగుల్లో ఉంటాయట. చలికాలంలో ఎడారి వైపు నుంచి బెలాత్ అనే గాలి వీస్తుంది. అది లేస్తే నోట్లో దుమ్ము, కడుపులో తిప్పు. వాంతుల మాత్ర ఎక్కే ముందే వేసుకోండి.

పాట వినాలంటే జనవరి నుంచి మార్చి లోపు వెళ్లండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడి వానాకాలం, సముద్రం పోటెత్తి ఉంటుంది, వద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఆ నిలువు నిచ్చెన, చేత్తో పంపు కొట్టే టాయిలెట్ కష్టం. డీజిల్ సంగతి ముందే కాగితం మీద రాయించుకోండి. కెప్టెన్‌కి ఐదుకి ఐదు, ఆఫీసుకి రెండు, వంటకి సున్నా.