క్యాలెండర్ పాకెట్ వాచీల కోసం సీమలో తిరిగితే ఏ ఊరు దేనికి పనికొచ్చింది

పాత పాకెట్ వాచీలనగానే అందరూ బొంబాయి చోర్ బజార్ అనో హైదరాబాద్ అనో చెప్తారు. సరుకు అక్కడే ఎక్కువ, కాదనను. కానీ నేను వెతికేది ఉత్తి టైం చూపించే వాచీ కాదు, తేదీ, వారం, నెల, చంద్రుడి కళ నాలుగూ డయల్ మీద కనిపించే వాచీ, అది పైపైన చూసి కొనేది కాదు, వెనక మూత తీయాలి, కుదిరితే డయల్ కూడా లేపి చూడాలి, దానికి తీరిగ్గా కూర్చోబెట్టి చూపించే మనిషి కావాలి. అందుకే ఈసారి కర్నూలు, గుంతకల్లు, అనంతపురం, కడప చుట్టొచ్చాను.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్విట్జర్లాండ్‌లో ఇలాంటివి బాగానే తయారయ్యాయి, చాలావాటి మీద కంపెనీ పేరే ఉండదు. నల్లటి గన్ మెటల్ కేసో వెండి కేసో, తెల్ల ఎనామెల్ డయల్, దాని మీద నాలుగు చిన్న డయళ్ళు. వారాల పేర్లు ఒక్కోసారి ఫ్రెంచిలో ఉంటాయి. 30 రోజుల నెల వచ్చినా ఇది 31కి పోతుంది, అంచులో ఉన్న చిన్న బటన్ని పిన్నుతో నొక్కి మనమే సరిచేయాలి. లీపు సంవత్సరం కూడా తనే లెక్కేసుకునే పర్పెచువల్ క్యాలెండర్ అయితే వేరే లోకం, 1933లో అమెరికా బ్యాంకరు హెన్రీ గ్రేవ్స్‌కి స్విస్ కంపెనీ పటేక్ ఫిలిప్ చేసిచ్చిన వాచీలో అదీ ఉంది, 2014లో జెనీవా వేలంలో అది దాదాపు 2.4 కోట్ల డాలర్లకు పోయింది. నాకు మటుకు ఆ మామూలు క్యాలెండర్ వాచీలే ఇష్టం, వాటికి రోజూ మన చెయ్యి తగలాలి.

కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర్నుంచి పాతబస్తీ లోపలికి నడిస్తే పాత సామాన్ల కొట్లు, వాచీ రిపేర్ బండ్లు తగుల్తాయి. ఒక కొట్లో గన్ మెటల్ కేసు, చంద్రుడి కిటికీ ఉన్న వాచీ కనబడింది, గుండె ఆగినంత పనయింది. డయల్ మీద ఒక్క గీత లేదు, ముళ్ళు అసలువే. కానీ మూత తీయమని అడిగితే కొట్టాయన "అన్నా, తీసుకునేదుంటే తీస్తా" అన్నాడు, చాలాసేపు బతిమాలాక తీశాడు. లోపల స్క్రూల తలలన్నీ ఎర్రగా ఉన్నాయి, ప్లేట్ల సందుల్లో సన్నటి ఒండ్రు గట్టిపడి ఉంది. 2009 అక్టోబర్ వరదలో తుంగభద్ర ఈ వీధుల్లోకి ఎంత వచ్చిందో ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు, ఆ నీళ్ళలో మునిగిన వాచీని పైపైన తుడిచి పెట్టారనిపించింది. మామూలు వాచీ అయితే తుప్పు గీకి పార్టులు మార్చుకోవచ్చు, క్యాలెండర్ చక్రాలు అలా దొరకవు, 31 పళ్ళ తేదీ చక్రంలో ఒక్క పన్ను తుప్పు తిన్నా ఆ తేదీ దగ్గర ప్రతి నెలా ఆగిపోతుంది. వదిలేసి వచ్చాను. వెతకడానికి మాత్రం కర్నూలు మంచి ఊరే, వస్తువులు బయటికొస్తాయి, కానీ ఏది తీసుకున్నా లోపల చూడకుండా డబ్బులివ్వద్దు.

బస గురించి. నేను లాడ్జి చూసేది ఏసీ కోసం కాదు, గదిలో గట్టి టేబుల్, తెల్ల లైటు ఉన్నాయా అని. కర్నూలు బస్టాండ్ దగ్గర దిగిన చోట పసుపు బల్బు ఒకటే, ఫ్యాన్ వేస్తే టేబుల్ ఊగుతుంది, సన్న స్క్రూ కింద పడితే దొరకదు. రెండో రోజు వెనక వీధిలోకి మారాను, అక్కడ కిటికీ పక్కన సిమెంటు అరుగులాంటిది ఉంది, పొద్దుటి వెలుగు నేరుగా పడింది, రేటు కూడా తక్కువే. పొద్దున ఉగ్గాని బజ్జి తిని కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవక్కర్లేదు.

గుంతకల్లు రైల్వే ఊరు, అక్కడ క్యాలెండర్ వాచీలు దొరుకుతాయని ఆశపడి పోవద్దు. డ్రైవర్లకి, గార్డులకి కావాల్సింది పెద్ద అంకెలు, తప్పని టైం, అంతే. రిటైరైన వాళ్ళ ఇళ్ళలో ఇంకా వెస్టెండ్ కంపెనీ పాత వాచీలు ఉన్నాయి, చూపిస్తారు, అమ్మరు. నాకది నచ్చింది.

అనంతపురంలో క్లాక్ టవర్ చుట్టుపక్కల అన్నీ బ్యాటరీ వాచీల షాపులే. ఒక పెద్దాయన కొట్టు మూసేస్తూ పాత పాకెట్ వాచీ అద్దాలు సైజుల వారీగా కాగితాల్లో చుట్టినవి ఇచ్చాడు, ఆ ఒక్కదానికీ దిగొచ్చు. మళ్ళీ గుంతకల్లు వచ్చి మద్రాసు లైన్లో తాడిపత్రి, ఎర్రగుంట్ల మీదుగా కడప పోయాను.

కడప గురించి ఎక్కువ చెప్పాలి. ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో, సందులో, మూడడుగుల కొట్టు. అందులో వాచీలు రిపేర్ చేసే చాచాకి డెబ్బై దాటుంటాయి. నా దగ్గర ముందే ఉన్న వెండి వాచీ తీసుకుపోయాను, తేదీ ఒక్కోసారి రెండు గడులు దూకుతోంది. ఆయన ముందు ముళ్ళు మెల్లగా పన్నెండు దాటించి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "బాబూ, చక్రం బాగుంది, దాన్ని ఆపే పట్టీ మెత్తబడింది" అన్నాడు. డయల్ లేపితే నిజంగానే చక్రం పళ్ళ మధ్య కూర్చునే సన్న స్ప్రింగ్‌లో బలం లేదు. పాత మెయిన్ స్ప్రింగ్ ముక్క ఒకటి తీసి, ఆకురాయితో అరగదీసి, మంట మీద కొంచెం నీలం రంగు వచ్చేదాకా కాల్చి, మళ్ళీ అరగదీసి, కన్ను లెన్స్ తీయకుండా బిగించాడు. తర్వాత తేదీ టక్ మని ఒక్క గడి. ఇంకోసారి తిప్పాడు, మళ్ళీ ఒక్క గడే. నా ముందే ముప్పై ఒకటీ తిప్పి చూపించాడు.

చంద్రుడి పళ్ళెం ఎలా సెట్ చేస్తాడా అని చూశాను. ఆ పళ్ళేనికి 59 పళ్ళు, దాని మీద రెండు చంద్రుళ్ళు, అంటే ఒక్కో చంద్రుడికి 29.5 రోజులు. నేను పంచాంగం కోసం ఫోన్ తీస్తుంటే ఆయన గోడ మీది ఉర్దూ క్యాలెండర్ వైపు కూడా చూడకుండా "ఈరోజు చాంద్ పదకొండు" అని బటన్ నొక్కుతూ లెక్కపెట్టాడు. నెలవంక చూసి నెల మొదలెట్టే వాళ్ళకి తారీఖే చంద్రుడి వయసు. అసలు చంద్రుడి నెల 29.53 రోజులు, కాబట్టి రెండేళ్ళ ఏడు నెలలకి పైబడితే పళ్ళెం ఒక రోజు తేడా వస్తుంది, అప్పుడు ఒక నొక్కు నొక్కితే చాలన్నాడు. రాత్రి తొమ్మిదింటి నుంచి తెల్లారుజామున మూడు దాకా మాత్రం ఆ బటన్ల జోలికి పోవద్దని గట్టిగా చెప్పాడు, ఆ టైంలో లోపల పళ్ళు పట్టుకుని ఉంటాయి, నొక్కితే విరుగుతాయి.

కూలి కూడా న్యాయంగా తీసుకున్నాడు, పాత స్ప్రింగ్ చిన్న కవర్లో పెట్టి నాకే ఇచ్చాడు. అదొక్కటి చాలు మనిషిని నమ్మడానికి. కడపలో బస కూడా బాగుంది, కారం దోసె గురించి నేను చెప్పక్కర్లేదు.

మళ్ళీ పోతే ముందు కడపలోనే దిగుతా, చాచా దగ్గర రిపేర్ పని ఇచ్చి, నంద్యాల రోడ్డున కర్నూలు పోయి వెతుక్కుని, దొరికింది తీసుకుని వెనక్కి వస్తా. వాచీని కొరియర్లో పంపొద్దు, మెత్తని గుడ్డలో చుట్టి జేబులోనే పెట్టుకోండి. కొన్నప్పుడు తెల్ల కాగితం మీదైనా సరే, కేసు లోపలి నంబర్ రాయించి సంతకం తీసుకోండి. వందేళ్ళు దాటిన వస్తువుని 1972 పురావస్తువుల చట్టం ప్రకారం దేశం బయటికి తీసుకుపోకూడదు, కాబట్టి విదేశాల్లో ఉన్న కొడుక్కో అల్లుడికో పంపాలని కొనేవాళ్ళు ముందే ఆలోచించుకోండి.