మెష్ వైఫై: కొన్నేళ్లు వాడాక తేలిన సంగతులు

మాది విజయవాడలో పాత రెండంతస్తుల ఇల్లు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, పైన మందపాటి స్లాబు. ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు లైను ఏ కిటికీలోంచి వస్తే ఆ కిటికీ పక్కనే, అంటే కింద ముందుగదిలో, రౌటర్ డబ్బా బిగించి వెళ్లారు. మా తమ్ముడు ఆఫీసు పని చేసుకునేది పైన వెనకగదిలో. 150 ఎంబీపీఎస్ ప్లానుకి అక్కడ పదో పన్నెండో వచ్చేది, అదీ తలుపు తీసి ఉంటేనే. మూడు డబ్బాల మెష్ సెట్టు, అంటే ఇంట్లో తలో చోట పెడితే అన్నీ కలిసి ఒకే వైఫైగా పనిచేసేది, కొన్నది అందుకే.

మాది వైఫై 5 రకం, పెట్టె మీద ఏసీ1200 అని ఉంటుంది. ఆ 1200 అనేది వైఫై నడిచే రెండు బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 867 ఎంబీపీఎస్ కలిపి, రౌండు చేసి వేసిన అంకె. ఏ ఫోనుకీ అంత రాదు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. చూడాల్సింది డబ్బా వెనక వైరు తగిలించే పోర్టులు. టీపీ-లింక్ కంపెనీ మెష్ సెట్లలోనే డెకో ఇ4, డెకో ఎం4 రెండూ ఏసీ1200లే. కానీ ఇ4కి ఉన్నవి 100 ఎంబీపీఎస్ పోర్టులు, ఎం4కి ఉన్నవి గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ పోర్టులు. 100 పోర్టుకి మా ప్లాను తగిలిస్తే 95 దగ్గర ఆగిపోతుంది, మిగతాదానికి నెలనెలా ఊరికే కట్టుకోవడమే.

యాప్‌లో సెటప్ పావుగంట పని. అసలు తలనొప్పి కనెక్షన్‌తో వచ్చిన డబ్బాతో. ల్యాండ్‌లైన్ దాని మీదే నడుస్తుంది కాబట్టి తీసెయ్యలేం. అదీ రౌటరే, మెష్ మెయిన్ డబ్బా కూడా రౌటరే, దేని నెట్‌వర్క్ దానిదే. టీవీ పాత వైఫైలో, ఫోన్లు కొత్త వైఫైలో ఉండటంతో ఫోన్లోంచి టీవీకి వీడియో పంపుదామంటే టీవీ కనిపించదు. మెష్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి వైఫై మాత్రమే ఇచ్చేలా, పెట్టి, పాత డబ్బాలో వైఫై ఆపేస్తే అంతా ఒకే నెట్‌వర్క్ కిందికి వచ్చింది. దీనికో ఖరీదుంది: ఆ మోడ్‌లో పిల్లల ఫోన్లకి టైము పెట్టే సౌకర్యం చాలా సెట్లలో పనిచేయదు. మాకు అవసరం లేదు, మీకు కావాలంటే కొనేముందే చూసుకోండి.

మొదట్లో డబ్బాల మధ్య వైరు లేదు. రెండు బ్యాండ్ల సెట్టులో ఫోనుతో మాట్లాడే రేడియోనే పక్క డబ్బాతోనూ మాట్లాడాలి, కాబట్టి ఒక అంచె దాటేసరికి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. పైగా స్లాబులో నిండా ఇనప చువ్వలే. సిగ్నల్ రాని గదిలో డబ్బా పెడితే ఆ డబ్బాకే సిగ్నల్ ఉండదు. సిగ్నల్ పైకెక్కడానికి మాకున్న దారి మెట్లే. మెట్ల మలుపులో ఒకటి పెట్టాక వెనకగదిలో యాభై అరవై వచ్చింది. సినిమా చూడ్డానికి చాలు. వీడియో మీటింగులో మాత్రం సాయంత్రం పూట, చుట్టుపక్కల అందరి వైఫైలూ మోగుతున్నప్పుడు, గొంతు తెగుతూనే ఉండేది.

ఇల్లంతా రంగులు వేయించినప్పుడు డబ్బాల మధ్య క్యాట్6 రకం నెట్ కేబుల్ లాగించాం. కరెంటాయన "ఉన్న పైపులోనే తోసేద్దాం సార్, పని తేలిక" అన్నాడు. ఒప్పుకోలేదు. 230 వోల్టుల వైర్ల పక్కన నెట్ కేబుల్ ఉండకూడదు. బయటి గోడ మీద విడిగా పైపు వేయించాం. కేబుల్ కొనేటప్పుడు అసలు రాగేనా అని అడగండి, అడిగి ఊరుకోకుండా తీగ కొసని బ్లేడుతో గీకండి. చవగ్గా దొరికేదాంట్లో పైపూత కింద తెల్లగా అల్యూమినియం బయటపడుతుంది.

వైరు తగిలించిన రోజునుంచి, ఒక్కసారి తప్ప, పైగదిలో 140కి తగ్గలేదు. అవే డబ్బాలు, అదే ప్లాను. ఇంత తేడా ఇంకే సెట్టింగూ తేలేదు. నన్నడిగితే ముందు కేబుల్‌కి డబ్బు పెట్టి, మిగిలినదాంతో డబ్బాలు కొనుక్కోవాలి.

వైరుకీ దాని రోగాలు దానికున్నాయి. ఒకసారి పైన వేగం ఉన్నట్టుండి 90 దాటడం మానేసింది. యాప్‌లో అన్నీ పచ్చగానే ఉన్నాయి. చూస్తే మెట్ల కింద ఎలుక కేబుల్ కొరికి, గోధుమరంగు జత తెగిపోయి ఉంది. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతల తీగలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. అందుకే నెట్ పోలేదు, దిగిపోయిందంతే.

ఇంట్లో తిరుగుతుంటే ఫోను దానంతటదే దగ్గరి డబ్బాకి మారుతుందని ప్రకటనల్లో చెప్తారు. మారేది ఫోను ఇష్టం, డబ్బా సలహా మాత్రమే ఇవ్వగలదు. కొత్త ఫోన్లు చక్కగా వింటాయి. నాన్న పాత ఫోను మేడ మీదికెళ్లినా కింది డబ్బానే పట్టుకుని వేలాడుతుంది. "మీ వైఫై కంటే నా సిమ్మే నయం" అంటారు, ఆయన విషయంలో అది నిజమే. డబ్బా నుంచి డబ్బాకి త్వరగా మారేందుకని యాప్‌లో ఉండే ఫాస్ట్ రోమింగ్ ఆన్ చేస్తే ఆ ఫోనుకి అసలు కనెక్షనే దొరకలేదు, ఆపేశాం. గీజరుకి పెట్టిన స్మార్ట్ ప్లగ్ 2.4 గిగాహెర్ట్జ్ తప్ప ఎక్కదు, దానికోసం గెస్ట్ నెట్‌వర్క్‌ని, అంటే విడి పేరుతో ఉండే రెండో వైఫైని, 2.4 మీద మాత్రమే నడుపుతున్నాం.

ఇక మా ఊరి ఎండలు. ఇలాంటి డబ్బాల మీద 40 డిగ్రీల వరకే అని రాసి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం పైగదిలో డబ్బా చేత్తో పట్టుకోలేం. అమ్మ దుమ్ము పడుతుందని కప్పిన గుడ్డ తీయించి, షెల్ఫు మీంచి గోడకి మార్చాక ఆగిపోవడం తగ్గింది. కరెంటు కోతకి కింది రెండు డబ్బాలకీ 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఉంది. కొనేముందు అడాప్టర్ల మీద వోల్టులూ ఆంపియర్లూ చదవండి, వోల్టులు సరిపోవాలి, రెండు డబ్బాల ఆంపియర్లూ కలిపి అది మోయగలగాలి.

రెండు పడగ్గదుల ఫ్లాటువాళ్లకి ఇదంతా అక్కర్లేదు. ఫైబర్ తీగ సన్నది, ఎంత దూరమైనా పోతుంది. డబ్బాని గుమ్మం పక్కన కాకుండా హాలు మధ్యకి తెచ్చి బిగించమని టెక్నీషియన్‌ని పట్టుబట్టండి. ఇంకా కొత్త రకమైన వైఫై 6 సెట్టుకి మారదామని తమ్ముడు పోరుతున్నాడు. మా ప్లాను 150గా ఉన్నంతకాలం నేను మార్చను. గుంటూరులో మా పిన్నివాళ్లు కొత్తిల్లు కడుతున్నారు, స్లాబు పోయకముందే ప్రతి గదికీ నెట్‌కని విడిగా ఒక పైపు వేయించమని చెప్పాను.