సిమిలిగుడ మెట్ట మీద అర్ధరాత్రి గూడ్సు

అరకు వెళ్లొచ్చామంటే ఎవరైనా బొర్రా గుహలు చూశారా, బొంగు చికెన్ తిన్నారా అని అడుగుతారు. మేం వెళ్లింది గూడ్సు బండ్ల వీడియోలు తీయడానికి, అదీ రాత్రిపూట అని చెప్తే జాలిగా చూస్తారు. అలవాటైపోయింది. డిసెంబరులో నేను, మా బావ మూడు రాత్రులు కొత్తవలస–కిరండూల్ లైను మీద గడిపాం. దీన్నే అందరూ కేకే లైను అంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి అక్కడి నుంచి జపాను పంపడం కోసం 1960ల్లో వేసిన దారి ఇది. మనం కిటికీ పక్కన కూర్చుని సొరంగాలు లెక్కపెట్టుకునే పాసింజరు ఇక్కడ చుట్టం లాంటిది. ఇల్లు మాత్రం గూడ్సుదే.

మొదటి రాత్రి కొత్తవలస జంక్షన్‌లో దిగాం. హౌరా–చెన్నై మెయిన్ లైను నుంచి కేకే లైను చీలేది ఇక్కడే కాబట్టి బండ్లకు కొదవ లేదు. పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్‌తో రెండు గంటల్లో పదకొండు గూడ్సులు చూశాం. వెలుతురుంది, టీ దొరుకుతుంది, విశాఖలో గది తీసుకుంటే రానూపోనూ సులువు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే చెప్తాను. నాకు మాత్రం తృప్తి కలగలేదు. ఏ వీడియో పెట్టి చూసినా ఇంజను మోతకు అడ్డంగా అనౌన్స్‌మెంటే వినిపిస్తోంది.

రెండో రాత్రి బొర్రా గుహలు స్టేషన్. అందం గురించి చెప్పక్కర్లేదు. కానీ చీకటి పడితే కెమెరాకు అక్కడ పనేమీ లేదు. హెడ్‌లైట్ కొండ మలుపు దాటగానే ఫ్రేమంతా తెల్లబడిపోతుంది, ఆ వెనక నల్లటి వ్యాగన్లు నల్లటి చీకట్లో కలిసిపోతాయి. బావ ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురును పట్టే శక్తి, పెంచుకుంటూ పోయాడు. చివరికి మిగిలింది చుక్కలు చుక్కలుగా బొగ్గు పొడి చల్లినట్టున్న వీడియో. బసకు కూడా ఇబ్బందే. 'స్టేషన్‌కు దగ్గర' అన్నారని ఆ చుట్టుపక్కల ఒక గది ముందే మాట్లాడుకున్నాం. పదిన్నరకు వెళ్తే గేటుకు తాళం! ఫోను ఎత్తేవాళ్లు లేరు. అరగంట చలిలో నిలబడ్డాక ఒకాయన కళ్లు నులుముకుంటూ వచ్చి, "ఇంత రాత్రేటి బాబూ, గుహలు అయిదింటికే మూసేత్తారు కదా" అన్నాడు. గది మాత్రం శుభ్రంగానే ఉంది. వేడినీళ్లు లేవు.

అందుకే మూడో రోజు మకాం అరకుకు మార్చాం. అక్కడ పర్యాటక శాఖ వాళ్ల కాటేజీల నుంచి చిన్న లాడ్జీల దాకా అన్నీ ఉన్నాయి. మేం పద్దెనిమిది వందల గది తీసుకున్నాం. రాత్రి ఎన్నింటికి వచ్చినా తలుపు తీస్తామని మాట ఇచ్చారు, తీశారు కూడా. వారాంతంలో అయితే వద్దు. క్యాంప్‌ఫైర్ల దగ్గర డీజే మోతకు నిద్ర ఉండదు. అరకు స్టేషన్‌లో వెలుతురు బాగుంది కానీ లోయలో బండ్లు పెద్దగా కష్టపడకుండా దొర్లిపోతాయి. కష్టం కనబడాలంటే సిమిలిగుడకు వెళ్లాలి.

సిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. దేశంలో ఇదే ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అని చాలాకాలం చెప్పుకున్నారు. కాశ్మీర్‌లో లైను వచ్చాక ఆ పేరు పోయింది. అయినా కేకే లైనుకు ఇదే నడినెత్తి. అరకు వైపు నుంచి లోడు బండి ఇక్కడిదాకా ఎక్కుతుంది, ఇక్కడి నుంచి శివలింగపురం వైపు ఘాట్‌లోకి దిగుతుంది. ఎక్కుడు, దిగుడు రెండూ ఒక్కచోట నిలబడి వినొచ్చు. మేం ఇంత దూరం వచ్చింది దీనికే.

సాయంత్రమే వెళ్లి స్టేషన్ మాస్టర్ గారిని అడిగాం. ప్లాట్‌ఫాం దిగకూడదు, డ్రైవర్ల మొహం మీద లైటు వేయకూడదు అని చెప్పి ఒప్పుకున్నారు. ఈ రెండూ ఎవరూ చెప్పకపోయినా పాటించాల్సినవే. పట్టాల మీదికి వెళ్తే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

గూడ్సుకు టైం టేబుల్ ఉండదు, యాప్‌లోనూ కనబడదు. ఖాళీ రేకు (వ్యాగన్ల వరుస) ఒకటి లూపులో, అంటే పక్క లైనులో, పెట్టి ఉంటే ఎదురుగా ఏదో వస్తోందని అర్థం. పదకొండు దాటాక పాయింట్స్‌మన్ పచ్చలైటు పట్టుకుని బయటికొచ్చాడు. బావ కెమెరా ఆన్ చేశాడు. ముందు పట్టాలు సన్నగా గీరినట్టు మోగాయి. తర్వాత ఇంజన్ల హోరు. మనిషి జోరుగా నడిస్తే అందుకునేంత వేగంతో, మూడు ఇంజన్ల వెనక 58 వ్యాగన్లు. అయిదు వేల టన్నులు దాటిన బరువు. ఇంజను మెట్ట దాటి అవతలి వాలుకు చేరినా, ఆరు వందల మీటర్ల వెనకున్న తోక ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. అప్పుడు హోరు ఒక్కసారిగా తగ్గింది. వ్యాగన్లను ఒకదానికొకటి కలిపే, అప్పటిదాకా బిగువుగా ఉన్న కప్లింగులు ఒకదాని తర్వాత ఒకటి టకటకమంటూ దగ్గరపడ్డాయి. ఆ చప్పుడు మా ముందు నుంచి వెనక్కి పరుగెత్తి చీకట్లో కలిసిపోయింది. కాసేపటికి కాలిన బ్రేకు బ్లాకుల వాసన వచ్చింది.

కెమెరా విషయంలో ఒక మాట. గదిలోంచి నేరుగా చలిలోకి తెస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది, అరగంట ముందే బయట పెట్టాలి. బొమ్మకన్నా మైకు మీద డబ్బు పెట్టండి. మేం ప్లాట్‌ఫాం దీపం కింద, వ్యాగన్ల పక్కలు కనిపించేలా అడ్డంగా ఫ్రేము పెట్టాం. బొర్రాలో చేసిన తప్పు సిమిలిగుడలో దిద్దుకున్నాం.

ఇంకో రెండు బండ్లు చూసి ఒంటిగంటన్నరకు బయల్దేరాం. ఆ వేళలో ఆటోలు ఉండవు. పదిహేను వందలకు మాట్లాడుకున్న జీపు డ్రైవరు దుప్పటి కప్పుకుని మా కోసం కూర్చునే ఉన్నాడు. "ఏ బండీ ఎక్కనేదు, ఎవుల్నీ దించనేదు. మరెందుకొచ్చినారు సార్?" అని అడిగాడు. బావ ఫోన్లో ఆ కప్లింగుల చప్పుడు వినిపించాడు. అతను పూర్తిగా విని, "మా ఇంటికాడ రోజూ ఇదే గదా" అని బండి స్టార్ట్ చేశాడు.