కట్టా, మాత్రా, సూదా, ఫిజియోనా? వ్యాయామంలో పట్టేసిన ఒంటికి ఏది మేలు

పోయిన దసరాకు ముందు వారంలో బెంచ్ ప్రెస్ బరువు 60 కిలోల నుంచి ఒక్కసారిగా 70కి పెంచాను. ఆ రోజు ఏమీ తెలియలేదు. మూడో రోజు పొద్దున మిద్దె మీద తడి చొక్కా ఆరేయబోతే కుడి చెయ్యి భుజం ఎత్తు దాకా లేచి అక్కడే ఆగిపోయింది. భుజం ముందు వైపు నుంచి మోచేతి పైదాకా ఒకటే సలుపు. ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేతిని కిందికి దించుకున్నాను.

అనంతపురం దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. బడిలో పిల్లలు, పొద్దున గ్రౌండులో పరుగు తీసేవాళ్లు, జిమ్ముకొచ్చే కుర్రోళ్లు నన్ను అడిగేది ఒకటే: "సార్, పట్టేసింది. ఏం చేయల్ల?" జవాబులకు మన ఊళ్లో కరువు లేదు. మెడికల్ షాపులో మాత్ర ఇస్తారు. ఇంట్లో అవ్వ ఉప్పు కాపడం పెట్టమంటుంది. నాయన కట్టు కట్టించుకోమంటాడు. జిమ్ములో తోటివాడు నెల రోజులు మానెయ్యమంటాడు. ఒక సూది వేయించుకుంటే ఇట్టే పోతుందని ఇంకొకరు. ఫిజియో, అంటే కసరత్తులతో ఒంటిని బాగుచేసే ఫిజియోథెరపిస్టు, ఆ మాట అందరికంటే ఆఖర్న వస్తుంది, అన్నీ అయిపోయినాక చూద్దాంలే అన్నట్టు. నా భుజం మీదా, మా బడి పిల్లల కాళ్ల మీదా వీటిలో చాలావాటిని దగ్గరగా చూశాను. ఆ వరస తిరగబడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ముందు మాత్ర, విశ్రాంతి సంగతి. మాత్రతో నొప్పి తగ్గే మాట నిజమే. మొదటి రెండు మూడు రోజులు నిద్ర పట్టనంత నొప్పి ఉంటే డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోవడంలో తప్పు లేదు. కానీ మాత్ర వేసుకుని ఆ ధైర్యంతో మళ్లీ అదే బరువు ఎత్తేవాళ్లను నేను వారం వారం చూస్తున్నా. ఎండాకాలంలో చెమట ధారగా కారి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీల మీద భారం వేస్తాయి. కడుపులో పుండు, బీపీ ఉన్నవాళ్లకైతే ఇంకా ప్రమాదం. ఇక విశ్రాంతి. నేను మూడు వారాలు జిమ్ము మానేశాను. నొప్పి పోయింది. పోయిందనుకుని 50 కిలోలతో మొదలుపెడితే రెండో సెట్టులోనే తిరిగొచ్చింది. కారణం తర్వాత అర్థమైంది. కండను ఎముకకు పట్టి ఉంచే తాడులాంటి భాగాన్ని టెండన్ అంటారు. దానికి పని చెప్పకపోతే ఉన్న బలం కూడా తగ్గుతుంది. నొప్పి పోయింది కానీ, మోసే శక్తి మునుపటికంటే దిగజారింది. రెండు మూడు రోజుల విశ్రాంతి మందులాంటిది. మూడు వారాల విశ్రాంతి నాకు నష్టమే చేసింది.

కట్టు గురించి రాయడం కొంచెం కష్టం, ఎందుకంటే మన సీమలో దాని మీద ఉన్న నమ్మకం తరాలది. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు బయల్దేరే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కట్టులో మేలు లేదనను. బెణికిన చోట గట్టిగా గుడ్డ చుడితే కదలిక తగ్గుతుంది, వాపు అదుపులో ఉంటుంది, నొప్పి తగ్గుతుంది. ఇబ్బందల్లా కట్టే ముందు లోపల ఎముక ఎలా ఉందో చూడకపోవడం, కట్టాక వారాల తరబడి విప్పకపోవడం. మా తొమ్మిదో తరగతి పిల్లాడు ఒకడు కబడ్డీలో కాలు మడతబడి పడ్డాడు. చీలమండ బయటి వైపు కోడిగుడ్డంత ఉబ్బింది. వాళ్ల నాయన, "ఎక్స్‌రేలు ఎందుకులే సార్, మేము కట్టు కట్టిస్తాం" అని తీసుకుపోయాడు. మూడు వారాల తర్వాత కట్టు విప్పి బడికొచ్చాడు. రెండు పిక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే కట్టిన కాలి పిక్క కంటికి కనిపించేంత సన్నబడింది. పాదం పైకి ఎత్తమంటే సగం దాకే వచ్చింది. నెల తిరక్కుండానే మెట్లు దిగుతూ అదే కాలు మళ్లీ మడతబడింది.

ఎక్స్‌రే ఎవరికి కావాలో తేల్చుకోవడానికి 1992లో కెనడాలోని ఒట్టావా డాక్టర్లు ఒక పద్ధతి చెప్పారు. చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముక గుబ్బల కొన దగ్గర, వెనక అంచు వెంబడి 6 సెంటీమీటర్ల దాకా వేలితో నొక్కితే నొప్పి ఉందా? పాదం బయటి అంచు మధ్యలో పొడుచుకొచ్చే ఎముక మీద, లోపలి వైపు వంపు పైన ఉండే ఎముక మీద నొక్కితే నొప్పి ఉందా? పడ్డ వెంటనే నాలుగు అడుగులు వేయలేక, ఇప్పుడు కూడా వేయలేకపోతున్నాడా? వీటిలో ఒక్కదానికి అవునన్నా ఎక్స్‌రే తీయించాలి. పిల్లల్లో ఎముక పెరిగే చోటు చివర్లలోనే ఉంటుంది కాబట్టి నేనైతే అనుమానం ఉన్నా పంపిస్తాను. ఎముకకు ఏమీ కాలేదని తేలాక రెండు మూడు రోజులు క్రేప్ బ్యాండేజీ చుట్టి, నొప్పి భరించగలిగినంతలో నడిపించడమే కట్టు కంటే ఎంతో మేలు.

సూది సంగతి క్లుప్తంగా చెప్తా. మోచేతి బయటి వైపు నొప్పికి, టెన్నిస్ ఎల్బో అంటారే దానికి, బరువులు ఎత్తేవాళ్లు చాలామంది స్టెరాయిడ్ సూది వేయించుకుంటారు. 2006లో ఆస్ట్రేలియాలో 198 మందిని మూడు గుంపులు చేసి చూశారు. ఒకరికి సూది, ఒకరికి ఫిజియోథెరపీ, ఒకరికి సలహా ఇచ్చి ఊరకే వదిలేశారు. ఆరు వారాలకు సూది వాళ్లే ముందున్నారు. ఏడాదికి వరస మారిపోయింది. సూదితో మొదట బాగైనవాళ్లలో ఎక్కువమందికి నొప్పి తిరగబెట్టింది. ఫిజియో వాళ్లు నిలకడగా ఉన్నారు. పెళ్లి పనులో, పోటీయో ఉందని డాక్టరుతో మాట్లాడుకుని వేయించుకుంటే అది వేరే లెక్క. మొదటి మందుగా మాత్రం వద్దు.

ఇప్పుడు ఫిజియో. అసలు పోలిక ఇక్కడే ఉంది. మన దగ్గర ఫిజియోకు పోయొచ్చినవాణ్ణి ఏం చేశారంటే "కరెంటు పెట్టినారు" అంటాడు. పది సిట్టింగులు, రోజూ ఇరవై నిమిషాలు, ప్యాడ్లు అంటించి జిలజిలలాడించే మిషను, పైన జెల్లు రాసి తిప్పే అల్ట్రాసౌండు, మోకాళ్లకైతే మైనం. పదో రోజు హాయిగా ఉంటుంది, ఇరవయ్యో రోజు నొప్పి మళ్లీ హాజరు. నేను మొదట పోయిన చోట సరిగ్గా ఇదే జరిగింది. చెయ్యి ఎంత దాకా లేస్తుందో కూడా ఎవరూ చూడలేదు. మిషన్లు కాసేపు నొప్పిని మరిపిస్తాయి, అంతవరకే. బరువు మోయడం టెండన్‌కు అవి నేర్పలేవు.

రెండో చోట ఒక ఫిజియో మేడమ్ మొదటి రోజు మిషను ముట్టుకోలేదు. ముప్పావు గంట నా చేతిని ముందుకు, పక్కకు, వీపు వెనక్కు తిప్పించి ఎక్కడ ఆగుతుందో రాసుకున్నారు. ఏ వారం ఎన్ని కిలోలు ఎత్తానో అడిగారు. 60 నుంచి 70 అన్న మాట దగ్గర పెన్ను ఆపి నా వైపు చూశారు. ఆ తర్వాత ఇచ్చిన పని చూస్తే మొదట నమ్మకం కలగలేదు. మోచేయి మడిచి నడుముకు ఆనించి, చంకలో మడిచిన తుండు పెట్టుకుని, చెయ్యి వెనక భాగాన్ని గోడకు నొక్కి 30 సెకన్లు నిలపాలి. అట్లా ఐదు సార్లు, రోజుకు రెండు పూటలు. చెయ్యి కదలదు, కానీ భుజం లోపలి కండ వణుకుతూ పని చేస్తున్నట్టు తెలుస్తుంది. రెండు వారాలకు రబ్బరు బ్యాండు వచ్చింది. నాలుగో వారం అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని చెయ్యి ఎత్తడం, ఆపైన లీటరు సీసా. గోడకు దండీలు, తర్వాత బల్లకు, తర్వాత నేల మీద. ఎనిమిదో వారం బెంచ్ మీద 30 కిలోలు. అక్కణ్నుంచి రెండున్నర కిలోల చొప్పునే.

ఆమె చెప్పిన కొలత ఒకటి ఇప్పుడు మా బడిలో అందరికీ నోటికొచ్చు. నొప్పిని పదికి లెక్కేసుకుంటే మూడు, నాలుగు దాకా ఉన్నా కసరత్తు చేయొచ్చు. కానీ మర్నాటి పొద్దుటికి అది మునుపటి స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే నిన్న ఎక్కువ చేసినట్టు, ఇవాళ తగ్గించాలి. నొప్పి ఉంటే ముట్టుకోకూడదు అన్న భయానికీ, నొప్పిని తొక్కిపెట్టి చెయ్యాలి అన్న మొండితనానికీ నడుమ దారి ఇది. సొంతంగా దొరకదు, ఒకరు పక్కనుండి చూపించాలి. ఫిజియోకు ఇచ్చే డబ్బు అందుకే.

ఈ బరువు పెంచే పద్ధతి ఎంత దూరం పోతుందో 1998లో స్వీడన్‌లో తేలింది. మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ నొప్పితో చాలా కాలంగా బాధపడుతున్న 15 మంది చేత మెట్టు అంచున ముని వేళ్ల మీద నిలబడి మడమను మెల్లగా కిందికి దించే కసరత్తు చేయించారు. రోజుకు 180 సార్లు, 12 వారాలు. తేలికైతే వీపున బ్యాగులో బరువు వేసుకోవాలి. 15 మందీ మళ్లీ పరుగుకు తిరిగొచ్చారు. భుజం విషయంలో ఆపరేషన్ ఆలోచన ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. భుజం పైకెత్తితే రాసుకుని నొప్పి పుడుతోందని లోపల ఎముకను కొంచెం చెక్కే ఆపరేషన్ ఒకటుంది. బ్రిటన్‌లో 313 మంది మీద చేసి 2018లో ప్రకటించిన పరీక్షలో, ఏమీ చెక్కకుండా ఊరికే కెమెరా పెట్టి చూసి మూసేసినవాళ్లకంటే ఆ ఆపరేషన్ అయినవాళ్లకు అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు. టెండన్ పూర్తిగా తెగినవాళ్ల సంగతి వేరు. తక్కినవాళ్లు కత్తికి ముందు మూడు నెలలు కసరత్తుకు ఇవ్వాలి.

ఐసా, కాపడమా అని అడగనివాళ్లు లేరు. విశ్రాంతి, ఐసు, గట్టి కట్టు, ఎత్తులో పెట్టడం అనే నాలుగు సూత్రాలను 1978లో చెప్పిన గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరే తర్వాతి కాలంలో గాయం మానడాన్ని ఐసు ఆలస్యం చేయొచ్చని మాట మార్చుకున్నాడు. నా లెక్క: కొత్త దెబ్బ, వాపు, వేడి ఉంటే మొదటి ఒకటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు, నొప్పి కోసమే. పట్టేసిన పాత నడుముకు, మెడకు అవ్వ పెట్టే ఉప్పు కాపడం బాగుంటుంది. కొత్త వాపు మీద కాపడం, తైలం రుద్దడం రెండూ వద్దు.

దెబ్బ తగలకుండా చూసుకోవడంలోనూ పోలిక ఉంది. కసరత్తుకు ముందు కాళ్లు చాపి సాగదీస్తే చాలనే నమ్మకం నాకూ ఉండేది. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1538 మందిలో సగం మంది చేత 12 వారాలు సాగదీయించారు. కాళ్ల గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2014లో 25 పరీక్షలను, 26,610 మందిని కలిపి లెక్కిస్తే, సాగదీయడంతో గాయాలు తగ్గలేదు, బలం పెంచే కసరత్తులు చేసినవాళ్లలో మాత్రం మూడో వంతు కంటే కిందికి పడిపోయాయి. అది చదివాక బడిలో నా పద్ధతి మార్చేశాను. ముందు రెండు నిమిషాలు నెమ్మది పరుగు, పక్కకు పరుగు, మోకాళ్లు ఎత్తుతూ నడక. తర్వాత గుంజీలు, ఒంటికాలి మీద నిలబడి బంతి పట్టుకోవడం, ఎగిరి మోకాళ్లు లోపలికి వంగకుండా దిగడం. చివర్న ఒకడు మోకాళ్ల మీద నిలబడితే ఇంకొకడు వాడి మడమలు పట్టుకుంటాడు, మోకాళ్ల మీదున్నవాడు నిటారుగా మెల్లగా ముందుకు వాలతాడు. తొడ వెనక కండ పట్టేయడాన్ని ఇది దాదాపు సగానికి తగ్గిస్తుంది. మొత్తం పన్నెండు నిమిషాలు. మన పెద్దవాళ్లకు ఈ లెక్క తెలియనిది కాదు. ఊళ్లో గుండు ఎత్తే పోటీకి తయారయ్యేవాడు చిన్న గుండుతోనే మొదలుపెట్టేవాడు. 60 నుంచి 70కి దూకింది నేనే.

ఫిజియో కంటే ముందు డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిన సందర్భాలున్నాయి. మోకాలు 'టప్'మని శబ్దం చేసి కొద్ది గంటల్లో ఉబ్బిపోతే, పిక్క వెనక ఎవరో తన్నినట్టు అనిపించి ముని వేళ్ల మీద లేవలేకపోతే, భుజం కీలు తప్పితే. నడుము నొప్పితో కాళ్లు మొద్దుబారి మూత్రం పట్టు తప్పితే ఆ పూటే ఆసుపత్రికి పోవాలి, తెల్లారనివ్వకూడదు.

ఖర్చు మాటకొస్తే, పల్లె నుంచి బస్సు పట్టుకుని పది రోజులు అనంతపురం తిరగడం కూలి పోగొట్టుకునే పనే. అందుకే నేను తల్లిదండ్రులకు చెప్పేది, పది సిట్టింగులు వద్దు, రెండు మూడు వారాలకు ఒకసారి చొప్పున నాలుగు సార్లు పోండి, ఇంట్లో చేయాల్సింది కాగితం మీద రాయించుకోండి అని. బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, చదివినవాళ్లేనా అని అడగండి. మొదటి రోజు ఒంటిని పరీక్షించకుండా నేరుగా మిషను దగ్గరికి తీసుకుపోతే ఇంకో చోటు చూసుకోండి.

ఆ తొమ్మిదో తరగతి పిల్లాణ్ణి రెండోసారి కాలు మడతబడ్డాక నేనే ఫిజియో దగ్గరికి తీసుకుపోయాను. ఇప్పుడు ప్రార్థన అయ్యాక వాడు స్టేజీ మెట్టు మీద ఒంటికాలితో నిలబడి మడమ దించుతూ లేపుతూ ఉంటాడు, తోటివాడు పక్కన నిలబడి లెక్కపెడతాడు. మొదటి వారం ఆరుకే కాలు వణికింది. నిన్న ఇరవై రెండు.