‘అమెరికన్ గ్రాఫిటీ’ ఊళ్ళలో రెండు రాత్రులు

మా అబ్బాయికి పదిహేడేళ్ళు. ఆగస్టులో తూర్పు తీరంలోని కాలేజీకి వెళ్ళిపోతాడు. ఈలోగా మేమిద్దరమే కారులో ఎక్కడికైనా వెళ్ళి రావాలని నేను అడిగితే, 1973లో విడుదలైన ‘అమెరికన్ గ్రాఫిటీ’ సినిమాకు సంబంధించిన ఊళ్ళు చూద్దామని వాడే అన్నాడు. తెల్లవారితే ఊరు విడిచి తూర్పుకు చదువుకు వెళ్ళవలసిన ఇద్దరు కుర్రవాళ్ళూ, ఊళ్ళోనే ఉండిపోయే వారి స్నేహితులిద్దరూ 1962 వేసవి చివర ఒక రాత్రంతా కార్లలో వీధుల వెంట చక్కర్లు కొట్టడమే ఆ సినిమా కథ. వాడు ఆ సినిమానే ఎందుకు ఎంచుకున్నాడో నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

కథ జరిగేది కాలిఫోర్నియాలో, దర్శకుడు జార్జ్ లూకస్ పుట్టి పెరిగిన మోడెస్టోలో. కానీ 1972లో చిత్రీకరణ మొదలుపెట్టే నాటికి ఆ ఊరు పదేళ్ళ కిందటి రూపును పోగొట్టుకోవడం వల్ల, సినిమాను శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న శాన్ రఫేల్, పెటలూమా ఊళ్ళలో తీశారు. అందుచేత ఈ యాత్రకు వెళ్ళేవారు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటే: తెర మీద చూసిన వీధులు చూడాలా, ఆ వీధులకు మూలమైన ఊరు చూడాలా? మేము రెండూ చూశాం, కానీ రెండింటికీ ఒకే రకంగా సిద్ధపడి వెళ్ళడం మా పొరపాటు.

జూన్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఫ్రీమాంట్ నుంచి బయలుదేరి, రిచ్‌మండ్ వంతెన దాటి శాన్ రఫేల్ చేరాం. చిత్రీకరణ మొదలైంది ఇక్కడి ఫోర్త్ స్ట్రీట్‌లోనే. వీధి మూసివేయడం వల్ల వ్యాపారం దెబ్బతింటోందని ఒక బారు యజమాని ఫిర్యాదు చేయడంతో ఊరివారు అనుమతి వెనక్కు తీసుకున్నారు, బృందం పెటలూమాకు తరలిపోయింది. వీధి ఇప్పటికీ కళకళలాడుతూనే ఉంది గానీ, సినిమా కోసం వెళ్ళేవారికి కాఫీ తాగి ఒకసారి నడిచి రావడానికి గంట చాలు.

పెటలూమా అలా కాదు. ఊరి నడిమధ్యన ఇటుక గోడలకు పోత ఇనుముతో చేసిన ముఖభాగాలున్న భవనాలు వరుసగా నిలబడి ఉన్నాయి. 1906 భూకంపం శాన్ ఫ్రాన్సిస్కోను, శాంటా రోజాను నేలమట్టం చేసినా ఈ వీధిని వదిలిపెట్టింది. ఒకప్పుడు ప్రపంచపు గుడ్ల బుట్ట అని పేరు తెచ్చుకున్న ఈ ఊరికి కోళ్ళ వ్యాపారం సంపద ఇచ్చింది, ఆ వ్యాపారం సన్నగిల్లిన తరువాత పాత భవనాలు చాలావరకు అలాగే మిగిలిపోయాయి. 7,77,000 డాలర్లతో నెల రోజుల లోపు, అదీ రాత్రిపూట, సినిమా తీయవలసిన యువ దర్శకుడికి కట్టవలసిన అవసరం లేని సెట్టు దొరికిందన్నమాట. పెటలూమా బులవార్డ్‌లోని మెక్‌నియర్ భవనం ముందు నిలబడి ఫోనులో సినిమా దృశ్యాన్ని పెట్టి పోల్చుకుంటే, కిటికీల పైన ఉన్న అలంకారం గీత గీతకూ కలిసింది. మా వాడు ఫోనును అటూ ఇటూ జరుపుతూ, కెమెరా ఎక్కడ పెట్టి ఉంటారో ఆ చోటు దొరికేదాకా కదలలేదు.

బస కోసం ఊరి నడిబొడ్డున ఉన్న పాతకాలపు హోటలు తీసుకున్నాం. గది చిన్నది, పార్కింగు కొంచెం దూరం, అద్దె హైవే పక్కని మోటళ్ళ కంటే బాగా ఎక్కువ. అయినా ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఈ వీధి విలువ తెలిసేది రాత్రి పదిన్నర తరువాతే. నది వైపు నుంచి చలిగాలి వస్తుంది, దుకాణాల దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి, వీధి సినిమాలో లాగా అవుతుంది. సినిమా నిండా వినిపించే పాటలను శబ్ద నిపుణుడు వాల్టర్ మర్చ్ నేరుగా అతికించకుండా, ఆరుబయట స్పీకర్లలో మోగించి, ఆ మోతను మళ్ళీ రికార్డు చేసి వాడాడు. పాటలు పక్క కారులోంచో, వీధి చివరి నుంచో వస్తున్నట్టు అనిపించడానికి కారణం అదే. మేము అద్దాలు దించి, చిన్నగా ఒక పాట పెట్టుకుని ఆ వీధిలో వెళ్ళినప్పుడు, ఇటుక గోడలకు తగిలి వెనక్కు వచ్చిన ఆ పాటను వింటూ ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి. కాలిఫోర్నియాలో పద్దెనిమిదేళ్ళ లోపువారు, లైసెన్సు వచ్చిన మొదటి ఏడాదిలో, పక్కన ఇరవై అయిదేళ్ళు నిండిన లైసెన్సుదారు లేకుండా రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజామున అయిదు దాకా కారు నడపకూడదు. మా అబ్బాయికి లైసెన్సు వచ్చి ఆరు నెలలే అయింది. వాడు చక్కర్లు కొట్టాలంటే నేను పక్కన ఉండవలసిందే. ఆ నియమానికి నేను ఎంతో కృతజ్ఞుణ్ణి.

శనివారం తెల్లవారక ముందే ఊరికి తూర్పున ఉన్న ఫ్రేట్స్ రోడ్డుకు వెళ్ళాం. పసుపుపచ్చ 1932 ఫోర్డుకూ నల్లని 1955 షెవర్లేకూ జరిగిన చివరి పందెం తీసింది ఇక్కడే. పొలాల మధ్య రెండు వరుసల రోడ్డు, పొగమంచు, పశువుల వాసన. చూడడానికి ప్రత్యేకించి ఏమీ లేదు, అయినా అక్కడే ఎక్కువసేపు ఉండాలనిపించింది. రోడ్డు అంచున ఆగడానికి చోటు తక్కువ, వాహనాలు వేగంగా వస్తాయి కాబట్టి, ఎక్కడపడితే అక్కడ దిగి ఫొటోలు తీసుకోకండి. ఊళ్ళో కార్నెగీ లైబ్రరీ భవనంలోని చరిత్ర మ్యూజియం చిన్నదే, ఊరు ఎలా బతికిందో తెలుసుకోవడానికి బాగుంటుంది. మే నెలలో జరిగే పాత కార్ల ఉత్సవానికి వెళ్ళదలచినవారు గది చాలా ముందుగా తీసుకోవాలి.

మోడెస్టోకు రెండు గంటలకు పైగా పట్టింది. ఆల్టమాంట్ కనుమ దాటగానే ఎండ నిప్పులు చెరిగింది, పెటలూమాలో వేసుకున్న స్వెట్టర్లు వెనక సీటులోకి వెళ్ళాయి. అక్కడ హైవే దగ్గరి మోటలులో దిగడం ఈ యాత్రలో మేము చేసిన తప్పు. ఏసీ రాత్రంతా గడగడలాడింది, గది మార్చమంటే ఖాళీ లేదన్నారు, తువ్వాళ్ళ కోసం రెండుసార్లు కిందికి దిగవలసి వచ్చింది. డౌన్‌టౌన్‌లో నడకదూరంలో ఉన్న గది తీసుకుని ఉంటే, పాత కార్ల చక్కర్లకు పేరుపడ్డ పదో వీధికి రాత్రిపూట వెళ్ళడానికి కారు అవసరమే ఉండేది కాదు. భోజనం విషయంలో మాకు ఇబ్బంది కలగలేదు. శాకాహారులు మాత్రం రెండు ఊళ్ళలోనూ పిజ్జాతోనూ, మెక్సికన్ బీన్ బరిటోతోనూ సర్దుకోవాలి. ఆదివారం తిరుగుదారిలో లివర్‌మోర్ శివ-విష్ణు ఆలయంలో దర్శనం చేసుకుని తిన్న పులిహోర, రెండు రోజుల తరువాత, అమృతంలా ఉంది.

మోడెస్టోలో సినిమా వీధుల కోసం వెతికితే నిరాశ తప్పదు. 1912లో కట్టిన, నీరు, సంపద, తృప్తి, ఆరోగ్యం అనే నాలుగు మాటలున్న కమాను ఉంది. అయిదు దారుల కూడలిలో, 1957 షెవర్లేకు ఆనుకుని కూర్చున్న అబ్బాయి, అమ్మాయిల కంచు విగ్రహం ఉంది. పదో వీధి, పదకొండో వీధులలో ఆ చక్కర్ల గుర్తు పలకలు పెట్టారు. 1962 జూన్ 12న, హైస్కూలు ముగిసే రోజుల్లో, లూకస్ నడుపుతున్న చిన్న కారును మరో కారు గుద్దితే, సీటు బెల్టు తెగి కారులోంచి బయటికి ఎగిరిపడడం వల్లనే బతికాడనీ, కార్ల పందేల ఆశ అక్కడితో వదులుకున్నాడనీ కమాను నీడలో మా వాడికి చెప్పాను. కార్ల మ్యూజియానికి రెండు గంటలు కేటాయించండి. ఊరు చాలా ఏళ్ళు ఈ చక్కర్లను నిషేధించింది. అటువంటి నిషేధాలు ఏ ఊళ్ళోనూ చెల్లవని రాష్ట్ర చట్టం 2024 జనవరి 1 నుంచి చెబుతోంది. జూన్‌లో జరిగే పాత కార్ల ఊరేగింపు రోజు మాకు కలిసిరాలేదు. మీరు తేదీ చూసుకుని వెళ్ళండి.

అయినా మోడెస్టోనే మళ్ళీ వెళ్ళాలనిపిస్తోంది, దానికి కారణం ఒక మనిషి. శనివారం రాత్రి, కారు కిటికీకి ట్రే తగిలించి తిండి తెచ్చి ఇచ్చే పాత పద్ధతి డ్రైవ్-ఇన్‌లో రూట్ బీరు (మద్యం లేని తీపి పానీయం) తాగుతుంటే, పక్కన లేత నీలం 1955 షెవర్లే వచ్చి ఆగింది. మా వాడు దానివైపే చూస్తుండడం గమనించి, దాని యజమాని అయిన పెద్దాయన తలుపు తీసి, కూర్చోమన్నాడు. మా వాడు నేర్చుకున్నది ఆటోమేటిక్ కారు మీద. గేరు కోసం వాడి చెయ్యి సీట్ల మధ్య వెతికింది, అక్కడ ఏమీ లేదు. అది స్టీరింగు కిందే, కుడివైపున ఉంది. నేను విజయవాడలో కారు నేర్చుకున్నది మా నాన్నగారి ఆఫీసు అంబాసిడర్ మీద. దాని గేరు కూడా స్టీరింగు పక్కనే ఉండేది. పెద్దాయనను అడిగి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, మా వాడి చేతి మీద నా చెయ్యి వేసి, ముందు నీ వైపు లాగి కిందికి, తరువాత తోసి పైకి, అక్కణ్ణుంచి నేరుగా కిందికి అని చూపించాను. ఆ తరువాత నా చెయ్యి తీసేశాను. ఇంజను ఆపి ఉన్న ఆ కారులో వాడు క్లచ్ తొక్కుతూ, ఒకటి, రెండు, మూడు అనుకుంటూ, డ్రైవ్-ఇన్ దీపాలు ఆర్పేదాకా కూర్చున్నాడు.