అరటిపండు కేకుకి 16 లీటర్ల ఓటీజీ చాలు, కానీ దాని నాబ్‌ని నమ్మొద్దు

నెల్లూరు ట్రంకురోడ్డులోనైనా, ఒంగోలులోనైనా షాపుకెళ్లి ఓవెన్ కావాలంటే ముందు 25, 30 లీటర్లవి చూపిస్తారు. నలుగురున్న ఇంట్లో అరటిపండు కేకు కోసమైతే అంత పెద్దది దండగ. 16 లీటర్లది, 1200 వాట్ల ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన చిన్న కరెంటు ఓవెన్) సరిపోతుంది. ఏడంగుళాల గుండ్రటి టిన్ను అందులో చుట్టూ గాలాడేలా పడుతుంది. ఏ కంపెనీది తీసుకున్నా ఈ సైజులో దాదాపు ఒకే అచ్చు: వేడికొక నాబ్, కింద రాడ్డా పై రాడ్డా రెండూనా అని ఎంచుకోవడానికొకటి, 60 నిమిషాల టైమర్ ఒకటి. చాలావాటిలో ఫ్యానూ ఉండదు, లోపల లైటూ ఉండదు. అరటిపండు పిండి బరువుగా ఉంటుంది, నిదానంగా ఉడకాలి, కాబట్టి ఫ్యాను లేకపోవడం నష్టమేమీ కాదు. లైటు లేనందుకు ఫోన్ టార్చి అద్దానికి ఆనించి చూసుకోవచ్చు.

అసలు లోపం వేడి నాబ్‌లో ఉంది. చిన్న ఓటీజీల్లో 170 దగ్గర పెడితే లోపల 150 ఉండొచ్చు, 190 కూడా ఉండొచ్చు. రాడ్డు ఎర్రబడి ఆరిపోతూ ఉంటుంది కాబట్టి వేడి ఎప్పుడూ ఒక్క చోట నిలవదు. ఓవెన్ బయటి ఎర్రలైటు మొదటిసారి ఆరిపోగానే టిన్ను లోపల పెట్టేస్తారు చాలామంది. అప్పటికి గాలి వేడెక్కింది గానీ గోడలు వేడెక్కలేదు. పదిహేను నిమిషాలు ఆగాల్సిందే. లోపల తగిలించే ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే గొడవుండదు. అది లేకపోతే చక్కెరతో తేల్చుకోవచ్చు: చక్కెర సుమారు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఫాయిల్ మీద చెంచాడు చక్కెర వేసి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 175 దగ్గర పావుగంట ఉంచండి. కరిగిందంటే మీ ఓవెన్ చెప్పేదానికంటే ఎక్కువ కాలుస్తోంది, నాబ్ వెనక్కి తిప్పుకోవాలి. తరవాత 190కి పెట్టి ఇంకో పావుగంట చూడండి. అప్పటికీ కరగలేదంటే తక్కువ కాలుస్తోంది.

రెండో లోపం పై రాడ్డు మరీ దగ్గరగా ఉండటం. టిన్నుని నడి అరలో పెడితే పైభాగం ఇరవై నిమిషాలకే ముదురు గోధుమరంగు తిరిగి గట్టిపడుతుంది, లోపల పిండి ఇంకా పచ్చిగా పొంగుతూ దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. అందుకని జాలీని అన్నిటికంటే కింది అరలో పెట్టాలి, రెండు రాడ్లూ వేయాలి, పైన రంగు రాగానే (సుమారు అరగంటకి) ఫాయిల్ వదులుగా కప్పాలి. నల్లటి నాన్‌స్టిక్ టిన్ను వేడిని ఎక్కువ పీల్చి అంచుల్ని ఎండగొడుతుంది. తెల్లటి అల్యూమినియం టిన్నే మేలు. అడుగున బటర్ పేపర్ వేయడం మరవొద్దు.

కేకు తడిగా, మెత్తగా రావడం ఓవెన్ చేతిలో సగమే. మిగతా సగం పండుది. తొక్క మీద నల్ల మచ్చలు సగానికి పైగా కమ్మిన పండే కావాలి, ఎందుకంటే మాగేకొద్దీ పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, గుజ్జు నీరుదేరుతుంది. కార్బైడ్ పెట్టి మాగేసిన పండు పైకి పసుపుపచ్చగా మెరుస్తుంది, కాడ మాత్రం ఆకుపచ్చగా, లోపల చప్పగా ఉంటుంది. కార్బైడ్‌తో మాగేయడం మన దేశంలో నిషేధం, అయినా బండ్ల మీద కనిపిస్తుంది. పొడుగాటి కావెండిష్ రకమైతే మూడు చాలు, చక్కెరకేళి లాంటి చిన్నవైతే ఐదారు. ఎన్ని పండ్లని కాకుండా తొక్క తీశాక 225 గ్రాములు తూచుకోవడం మంచిది. "ఇంకొకటి మిగిలింది కదా" అని అదీ వేస్తే కేకు అడుగున అంగుళం మందాన జిగటగా, ఉడకనట్టు ఒక పొర పడుతుంది. ఎంతసేపు కాల్చినా అది పోదు.

పండుని మిక్సీలో వేయకండి. పప్పుగుత్తితో మెదిపితే అక్కడక్కడా చిన్న ముక్కలు మిగులుతాయి, ఆ ముక్కలే కేకులో తడి బుడగల్లా నిలుస్తాయి. మిక్సీ గుజ్జు మరీ నున్నగా అయి కేకుని బరువెక్కిస్తుంది. మిక్సీ పని వేరే ఉంది: 120 గ్రాముల చక్కెర, రెండు గుడ్లు, 80 మిల్లీలీటర్ల సన్‌ఫ్లవర్ నూనె జార్‌లో వేసి అరనిమిషం తిప్పితే నురగలాంటి ద్రవం వస్తుంది. బీటర్ కొనాల్సిన పనే లేదు.

వెన్న వద్దా అంటే, మన ఎండల్లో వద్దనే చెప్పాలి. వెన్న, చక్కెర కలిపి గిలకొట్టేది గాలి పట్టడానికి. మే నెల నెల్లూరు వంటింట్లో వెన్న అప్పటికే కరిగి ఉంటుంది కాబట్టి గాలి పట్టదు. పైగా ఫ్రిజ్‌లో వెన్న గడ్డకడుతుంది, నూనె కట్టదు, అందుకే నూనె కేకు మర్నాడు కూడా మెత్తగా ఉంటుంది. గానుగ వేరుశనగ నూనె వాసన మాత్రం అరటిపండుని మింగేస్తుంది.

మిక్సీలోది వెడల్పు గిన్నెలో పోసి, మెదిపిన పండు, 60 గ్రాముల గడ్డపెరుగు కలపాలి. 180 గ్రాముల మైదా, చెంచా బేకింగ్ పౌడర్, అరచెంచా వంటసోడా, పావుచెంచా ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించి, కొంచెం కొంచెంగా వేస్తూ గరిటెతో కింది నుంచి పైకి మడవాలి. చెంచా అంటే చదునుగా నింపిన 5 మిల్లీలీటర్ల కొలత చెంచా, టీ కప్పులో ఉండేది కాదు. పొడి పిండి కనిపించకపోతే చాలు, ఆపేయండి. ఇంకా తిప్పితే మైదా సాగి కేకు రబ్బరులా, లోపల సొరంగాల్లా బొక్కలతో వస్తుంది. పిండి గరిటె నుంచి ఇడ్లీ పిండిలా దిగాలి. సోడా చెంచా నిండా వేస్తే సబ్బు రుచి, ముదురు రంగు తప్పవు. దాన్ని విరిచేంత పులుపు పండులోనూ పెరుగులోనూ లేదు. గుడ్లు తినని ఇళ్లల్లో పెరుగు మొత్తం 150 గ్రాములు చేసి, బేకింగ్ పౌడర్ ఇంకో అరచెంచా పెంచితే సరిపోతుంది. కొంచెం బరువుగానే వస్తుంది, కానీ తడి తగ్గదు.

నిజంగా 170 డిగ్రీలుంటే 45 నుంచి 50 నిమిషాలు. మొదటి 35 నిమిషాలు తలుపు తీయొద్దు, తీస్తే నడుమ కుంగిపోతుంది. పుల్ల గుచ్చినప్పుడు ఒకటి రెండు తడి తునకలు అంటుకుని రావాలి. పూర్తిగా పొడిగా వచ్చేదాకా కాల్చడమే కేకు ఎండిపోవడానికి పెద్ద కారణం, ఎందుకంటే బయటికి తీశాక కూడా టిన్ను వేడికి అది కాసేపు ఉడుకుతూనే ఉంటుంది.

వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ పడిపోయే వీధుల వాళ్లకి ఇంకో లెక్క ఉంది. 230 వోల్టుల దగ్గర 1200 వాట్లిచ్చే రాడ్డు 200 వోల్టులకి సుమారు 900 వాట్లే ఇస్తుంది. వేడెక్కడం ఆలస్యమవుతుంది, సోడా శక్తి ముందే అయిపోయి కేకు లేవకుండా బల్లపరుపుగా ఉండిపోతుంది. ఉదయం పూట కాల్చుకోండి. మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకుండా ఆగితే పది నిమిషాల వరకు పెద్దగా చెడదు. 1200 వాట్లంటే అయిదు ఆంపియర్ల పైనే కాబట్టి ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టొద్దు, గోడ ప్లగ్గుకే పెట్టాలి.

కాలిన టిన్నుని తెచ్చి చీమకుర్తి గ్రానైట్ గట్టు మీద పెట్టకండి. అడుగున ఆవిరి నీరైపోయి కేకు చెమటపడుతుంది. జాలీ మీద పది నిమిషాలుంచి, బోర్లించి, బాగా చల్లారాకే కోయండి. మన సముద్రపు గాలికి బయట ఒక్కరోజు దాటాక ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, ఫాయిల్ చుట్టి. మర్నాటి ముక్కే రుచి.

నెలకొకసారి చేసేవాళ్లకి ఓటీజీ అవసరమా? అయిదు లీటర్ల పాత కుక్కర్ ఉంటే అవసరం లేదు. గాస్కెట్, వెయిట్ తీసేసి, అడుగున కప్పున్నర ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు మీడియం మంట మీద వేడిచేసి, టిన్ను దించి సిమ్‌లో 50 నిమిషాల పైన. టిన్ను ఆరంగుళాలదే పడుతుంది, కాబట్టి పైన చెప్పిన కొలతల్లో మూడింట రెండొంతులే పోయాలి. ఆవిరి లోపలే తిరిగే కుక్కర్ కేకు ఒక్కోసారి ఓటీజీ దానికంటే తడిగా వస్తుంది. పైన రంగు మాత్రం రాదు, నీళ్లు లేకుండా కాచి కాచి కుక్కర్ అడుగు వంకరపోతుంది, మళ్లీ పప్పు వండటానికి పనికిరాకపోవచ్చు. కొత్త కుక్కర్‌తో ఆ పని చేయొద్దు. మామూలు మైక్రోవేవ్ సంగతైతే, అయిదారు నిమిషాల్లో తినేయడానికి సరే గానీ మర్నాటికి అది చెక్కే.

కొనేటప్పుడు మీ టిన్నుని వెంట తీసుకెళ్లి లోపల పెట్టి తలుపు మూసి చూసుకోండి. పై రాడ్డుకి టిన్ను అంచుకి మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి. తలుపు స్ప్రింగు బిగుతుగా మూసుకోవాలి, కింద రాలిన పొడి పడే పళ్లెం బయటికి లాగేలా ఉండాలి. రెండేళ్లకో మూడేళ్లకో ముందు పోయేది రాడ్డే. ఊళ్లో సర్వీసు ఉందా, విడి రాడ్డు దొరుకుతుందా అని అడగండి. "మద్రాసు నుంచి తెప్పించాలి" అంటే పక్క మోడల్ చూడండి.